ఐదో కన్నం

గోపాలస్వామి జీపుకి నాలుగో కన్నం పడుతున్నప్పుడు ఆయన వీధి అరుగు మీద కూర్చుని, పోయిన మామగారిని మనసులోనే తిట్టుకుంటున్నాడు. పెద్దాయన పోతూ పోతూ అల్లుడి చేతిలో పెట్టిపోయిన ఆస్తి ఒక్కటే, కొడుకు వెంకటాచలం. ఆ ఆస్తి ఇప్పుడు జీపు వెనక తొట్టిలో మోకాళ్ళ మీద వంగి, చేతి డ్రిల్లు గరగరా తిప్పుతోంది.

బతకకోరేవాడు బావమరిది అన్నారు పెద్దలు. అన్నవాళ్ళెవరికీ జీపు లేదు కాబట్టి అన్నారు.

ఆ జీపు అల్లాటప్పా జీపు కాదు. యుద్ధం ముగిశాక పట్టాళం వాళ్ళు వేలం వేస్తే, గోపాలస్వామి పదిమందితో పోటీపడి తెచ్చుకున్నది. అమెరికా బండి కావడంతో స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది. తోడు కూర్చునేవాళ్ళకి కుడిపక్క సీటు. మీంజూరు అవతల ఆయన సరుగుడు తోపులు గుత్తకు తీసుకుని కట్టె నరికిస్తాడు. ఎడ్లబండి ఇరుసు దాకా కూరుకుపోయే ఇసకలో ఆ జీపు బుర్రుమని పోతుంది. తిరువొత్తియూరులో గుడి తేరు నిలిపే తేరడి వీధిలో జీపున్న ఇల్లు అదొక్కటే. ఏటేటా ఆయుధపూజ ముందురోజు గోపాలస్వామి తన చేత్తో దానికి ఆకుపచ్చ రంగు వేస్తాడు. పైపైన కాదు, బానెట్టు ఎత్తి లోపలి కీలుకీ, బోల్టుకీ, బోల్టు కింద రేకుకీ కూడా. పెళ్ళికూతురికి నలుగు పెట్టేవాళ్ళు కూడా అంత నిదానంగా పెట్టరు.

అటువంటి బండిలో బావమరిది వైర్‌లెస్ బిగిస్తానన్నాడు.

వెంకటాచలానికి మౌంట్‌రోడ్డులో ఒక రేడియోల దుకాణంలో పని, రాయపురంలో ఒంటిగది కాపురం. సొంతంగా వైర్‌లెస్ పెట్టుకుని తనలాంటి వాళ్ళతో మాట్లాడుకోవచ్చని సర్కారు ఇచ్చిన లైసెన్సు ఉంది. ఆ గదిలో కూర్చుని కొలంబో వాడితో, రంగూన్ వాడితో వాతావరణం గురించి మాట్లాడతాడు. ఇక్కడ వాన పడుతోందా లేదా అని మాత్రం కిటికీ తెరిచి చూడడు. ముప్పై దాటినా పెళ్ళి ఊసు లేదు. కదిలే బండిలోంచి మాట్లాడాలన్నది ఇప్పటి పిచ్చి. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టు, మూర్‌మార్కెట్టులో పట్టాళపు సెట్టు ఒకటి పాతసామాను కింద సంపాదించాడు. అది గోధుమల డబ్బా అంత ఉంటుంది. దానికి రెండు బ్యాటరీలు, బ్యాటరీల కరెంటుని పెద్దది చేసే మోటారు ఒకటి, బండి వెనక నిలబెట్టడానికి రెండు నిలువుల పొడుగున ఉక్కు కమ్మీ ఒకటి.

మొదటి కన్నం కుడిపక్క సీటు పీకేసి ఆ చోట పెట్టె బిగించడానికి వేశాడు. వారం తిరగ్గానే పెట్టె ఊడదీసి సీటు మళ్ళీ పెట్టేశాడు. రెండోది డ్యాష్‌బోర్డు కింద వేశాడు. వేసి, కూర్చుని చూసి, ఇక్కడ మోకాళ్ళకి తగులుతుందన్నాడు. ఎవరి మోకాళ్ళకో చెప్పలేదు. మూడోది డ్రైవరు సీటు వెనక. అక్కడా కుదరలేదు. ఇప్పుడు వెనక తొట్టిలో నాలుగోది.

"ఏందిరా ఇది? జీపనుకున్నావా, ఇడ్లీపాత్ర అనుకున్నావా?" అని అరుగు మీదనుంచి కేకేశాడు గోపాలస్వామి.

"ఇదే ఆఖరుది బావా. ఈడ గట్టిగా కూర్చుంటాది."

"మూడోది కూడా ఆఖరుదే అన్నావు. విను. ఇంకొక్క కన్నం పడిందా, ఆ దినంతో నీకూ నాకూ సరి. ఆ డ్రిల్లు తీసుకపోయి సముద్రంలో ఏస్తా."

వెంకటాచలం తల ఊపాడు. వాడికి కోపం రాదు. అదే గోపాలస్వామికి మరింత కోపం. తిట్టినవాడికి తిరిగి ఒక మాటైనా దక్కాలి కదా.

మరి ఇంత కోపమున్న మనిషి జీపు ఎందుకిచ్చాడంటే, దానికి కారణం ఆయన చెల్లెలు వల్లి.

వల్లికి ఇరవై నాలుగు. టెలిఫోను ఎక్స్ఛేంజిలో పని. పొద్దున్నే అన్న జీపులో కుడిపక్క సీటులో కూర్చుని తిరువొత్తియూరు స్టేషనుకి పోతుంది, అక్కడ రైలెక్కుతుంది. తల్లీ తండ్రీ లేని పిల్లని గోపాలస్వామే పెంచాడు. ఆ పిల్లని వెంకటాచలానికి ఇవ్వాలని ఆయనకి రెండేళ్ళుగా ఉంది. చెప్పుకోడానికి సిగ్గుగానీ, ఆ వెర్రివాడంటే ఆయనకి ఇష్టం. తాగడు, పొగ పీల్చడు, అబద్ధం చెప్పడం రాదు. వాడు కన్నాలు వేసే ప్రతి ఆదివారమూ ఈరోజైనా నోరు విప్పుతాడేమోనని గోపాలస్వామి అరుగు మీద కాచుకుని కూర్చుంటున్నాడు.

ఆయనే అడగొచ్చు కదా అంటారా? ఆ ఇంట్లో అది జరిగే పని కాదు. ఆడపిల్లవాళ్ళు నోరు తెరిచి అడిగితే పిల్ల చులకనవుతుందని వాళ్ళ వంశంలో కట్టుబాటు. మగపిల్లవాడి పెద్దలు తాంబూలం పళ్ళెంతో గడప దాకా వచ్చి, పిల్లని ఇస్తారా అని అడగాలి. ఇక్కడ మగపిల్లవాడికి మిగిలిన పెద్ద దిక్కు అక్క ఒక్కతే. ఆ అక్క చెంగమ్మ. చెంగమ్మ గోపాలస్వామి భార్య. అంటే మగపెళ్ళివారూ ఆడపెళ్ళివారూ ఒక చాప మీదే పడుకుంటున్నారు, ఒకరు అడగరు, ఒకరు చెప్పరు.

"నీ తమ్ముడి సంగతి ఏందే?" అని ఆయన రోజూ అడుగుతాడు.

"నన్నడిగితే? వాడు నోరు తెరిచి, అక్కా పోయి అడుగు అంటే కదా నేను పళ్ళెం పట్టేది. నా అంతట నేనడిగి, రేపు వాడు కాదంటే వల్లి మొహం నేనెట్టా చూసేది?" అంటుంది చెంగమ్మ. తప్పుపట్టడానికి లేని మాట. అందుకే ఆయనకి మరీ మండుతుంది.

ఒకసారి వల్లినే అడిగాడు, చుట్టు తిప్పి. ఆ పిల్ల టిఫిను డబ్బా మూత బిగిస్తూ, "ఆయన సంగతి నన్నడుగుతావేందన్నా? నేనేమన్నా సెట్టా, తిప్పితే పలికేదానికి?" అనేసి చెప్పులేసుకుంది.

నాలుగో కన్నంలో పెట్టె కూర్చుంది. కమ్మీ నిలబడింది. ఆ మర్నాడే వీధి మలుపులో కన్నియమ్మ ఆరేసుకున్న చీర దానికి తగులుకుని, గోపాలస్వామి తేరడి మీదుగా, కోమట్ల అంగళ్ళ మీదుగా, రాములవారి ఊరేగింపులాగా జెండా ఎగరేసుకుంటూ ఇంటికొచ్చాడు. వెనకే కన్నియమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమె అన్న మాటలు ఇక్కడ రాయడం మర్యాద కాదు.

అంతా అయ్యాక తేలింది అసలు సంగతి. ఇంజను ఆపితే సెట్టులో కొలంబో వాడు పక్కింట్లో ఉన్నట్టు పలుకుతాడు. ఇంజను వేస్తే చాలు, పెనంలో వేరుశెనక్కాయలు వేయించినట్టు గరగర. మాట లేదు, మనిషి లేడు. ఆదివారం వెనక ఆదివారం వెంకటాచలం ప్లగ్గులకేవో తొడుగులు తొడిగాడు, డైనమోకేదో కట్టాడు. గరగర గరగరే.

"అంటే బండి నిలబడినప్పుడే మాట్లాడతాది, పోతా ఉంటే మాట్లాడదు. అంతేనా?" అన్నాడు గోపాలస్వామి.

"ఇప్పటికి అంతే బావా."

"మరి జీపెందుకురా నాయనా? మంచానికి బిగించుకో. అది కూడా కదలదు."

వెంకటాచలం నవ్వాడు. నవ్వి మళ్ళీ బానెట్టు కిందికి దూరాడు.

దసరాకి ముందు ఆదివారం గోపాలస్వామి లోపల భోంచేసి బయటికొచ్చేసరికి వాడు కత్తి పట్టుకుని బానెట్టు కీళ్ళ దగ్గర రంగు గీకుతున్నాడు. తళతళమని ఇనుము బయటపడింది. గోపాలస్వామికి గుండె ఆగినంత పనయింది.

"ఒరే! ఏం చేస్తాండావురా!"

"దొరికింది బావా, రోగం దొరికింది! మీరు వేసిన రంగే. ఏటికొక పొర చొప్పున వేసినారు కదా, రేకుకీ రేకుకీ మధ్య రంగు గోడ కట్టేసింది. బానెట్టుకీ బాడీకీ సంబంధమే లేదు. ఇంజను రవ్వల గోలంతా బానెట్టులో చేరి, ఆడనుంచి కమ్మీలోకి దూకతా ఉండాది. రంగు గీకి రాగి అల్లిక తీగతో రెంటినీ కలిపేస్తే గమ్మునుంటాది."

"నేను భక్తితో వేసిన రంగు నీకు రోగమా?"

"భక్తి మంచిదే బావా. బోల్టు కింద వద్దంటాను, అంతే."

గీకినచోటల్లా రాగి తీగ బిగించి ఇంజను వేశాడు. నిజంగానే నోరు మూసుకుంది సెట్టు. ఇద్దరూ సముద్రపు రోడ్డు మీద ఎన్నూరు వైపు పోయారు. బండి పోతుండగానే వెంకటాచలం స్నేహితుడు మోసెస్, పెరంబూరులో రైల్వే తంతి గుమాస్తా, సెట్టులో పలికాడు. దేవుడి దయ బాగుందా బ్రదర్ అని అడిగాడు. గోపాలస్వామి మొహం తిప్పుకున్నాడుగానీ మీసాల కింద నవ్వు దాగలేదు. తన జీపు మాట్లాడుతోంది మరి.

తిరిగొచ్చేటప్పుడు వెంకటాచలం గొంతు సవరించుకున్నాడు.

"బావా."

గోపాలస్వామి బండి నెమ్మది చేశాడు. "చెప్పరా."

"ఒక మాట అడగాలని..."

"అడగరా, అడుగు. నేనేమన్నా పరాయివాణ్ణా?" అని ఆయన బండి పూర్తిగా ఆపేశాడు కూడా. రెండేళ్ళ కాపలా ఫలించింది, ఇక ముహూర్తం పెట్టించడమే అనుకున్నాడు.

వెంకటాచలం సముద్రాన్ని చూశాడు, తన వేళ్ళకి అంటిన గ్రీజు చూసుకున్నాడు. "వెనక టైరులో గాలి తగ్గినట్టుండాది కదా?"

గోపాలస్వామి గేరు విరిగేట్టు లాగి బండిని ఇంటిదారి పట్టించాడు.

ఆయుధపూజ ముందురోజు ఎప్పటిలాగే ఆయన రంగు డబ్బా తెరిచాడు. కీళ్ళ దగ్గర గీకిన ఇనుము, పుండు పడి మానినట్టు తెల్లతెల్లగా కనిపించింది. ఈ వికారంతో బండిని దేవుడి ముందు నిలబెట్టడమా? రాగి తీగలు ఊడదీసి, శుభ్రంగా రెండు పొరలు రంగు వేసి, అది ఆరాక తీగలు మళ్ళీ ఎక్కడివక్కడ బిగించాడు. తీగలు పెట్టాను కదా, వాడికిక నొప్పేముంది అనుకున్నాడు. తీగ బిగించింది రంగు మీదన్న సంగతి ఆయనకి తట్టలేదు.

మర్నాడు పూజ. చెంగమ్మ ఇంట్లోని కత్తిపీట మొదలు వెంకటాచలం డ్రిల్లు దాకా పనిముట్లన్నీ పీట మీద పేర్చి, గంధం పూసి కుంకుమ పెట్టింది. జీపుకి చామంతి దండ. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి, గుమ్మడికాయ పగిలింది. దండం పెట్టుకున్న వెంకటాచలం జీపెక్కి ఇంజను వేసి, సెట్టు పెట్టాడు.

వేరుశెనక్కాయలు.

వాడు దిగి బానెట్టు ఎత్తి చూశాడు. నిగనిగలాడే కొత్త రంగు. ఎన్నడూ లేనిది వాడి మొహం ఎర్రబడింది.

"ఎవరు వేసినారు ఈ రంగు?"

"నేనే వేసినా. నా బండి, నా రంగు."

"నాలుగు నెలలు బావా! నాలుగు నెలలు ఎతికి పట్టుకున్నా. ఒక్క పూటలో మూసేసినారే! మీకు చెప్పినా కదా. ఎవరు చెప్పినా వినరా మీరు?"

"నువ్వు చెప్పేది నేనెందుకు వినల్లరా? నేను రెండేండ్లుగా వినాలనుకునే మాట ఒక్కటి నీ నోట్లోనుంచి ఊడిపడిందా? టైరులో గాలంట, గాలి!"

వాడికి అర్థమయిందో లేదో. పూజ పీట వైపు కత్తి కోసం చెయ్యి చాచాడు. చెంగమ్మ చటుక్కున అడ్డం నిలబడింది. "ముట్టినావంటే చూడు. పూజలో పెట్టిన పనిముట్టు దశమి పొద్దుటిదాకా తీసేది లేదు. పోయి తిని పడుకో."

ఆ సాయంత్రమే గోపాలస్వామి వాషర్‌మెన్‌పేటకి కబురు పంపాడు. అక్కడ ఇనుప సామాను అంగడి మునిరాజు తన కొడుక్కి వల్లిని అడుగుదామని ఏడాదిగా చూస్తున్నాడు. మంచి మనిషి, మంచి కుటుంబం. రేపు విజయదశమి, మంచి దినం, వచ్చి పిల్లని చూసుకుపోండి అన్నాడు. కబురు పంపాక ఆయనకి అన్నం సహించలేదు. ఏం చేస్తాడు, తాడిచెట్టెక్కేవాణ్ణి ఎంతవరకని ఎగదోస్తాడు? వల్లికి చెబితే ఆ పిల్ల "సరి" అంది. ఆ ఒక్క మాటే అంది, గిన్నెలు మాత్రం గట్టిగా కడిగింది.

దశమి పొద్దున చెంగమ్మ పీట కదిలించి, తమ్ముడి చేతికి కత్తీ డ్రిల్లూ ఇస్తూ, "తెలుసునా? వల్లిని చూసుకోడానికి వస్తాండారు ఈ పూట," అంది.

వాడు డ్రిల్లు సంచిలో వేసుకున్నాడు. తర్వాత కత్తి తీసుకుని జీపు దగ్గరికి పోయాడు.

"మట్టి ముద్ద! వీడికంటే ఆ గుమ్మడికాయ మేలు, కొడితే పగిలిందైనా పగిలింది," అంది చెంగమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

మునిరాజు, ఆయన భార్య పంకజం పళ్ళెంలో పూలూ పండ్లూ పెట్టుకుని పద్ధతిగా వచ్చారు. హాల్లో చాప పరిచారు. పండుగ అని చెంగమ్మ రేడియో పెట్టింది. నాగస్వరం కచేరీ వస్తోంది. బయట జీపు ఇంజను బుర్రుమంటోంది. గోపాలస్వామి దాన్ని విననట్టు నటిస్తూ ఈ ఏటి వానల గురించి మాట్లాడుతున్నాడు. వల్లి కాఫీ తెచ్చి అందరికీ ఇచ్చి, వదిన పక్కన నిలబడింది. పంకజం పిల్లని కింది నుంచి పైదాకా చూసి తృప్తిగా తలాడించింది. మునిరాజు కండువా సర్దుకుని, అడగవలసిన మాట అడగడానికి నోరు తెరిచాడు.

నాగస్వరం టక్కున తెగిపోయింది. రేడియోలోంచి వెంకటాచలం గొంతు హాలంతా మోగింది.

"హలో మోసెస్, హలో మోసెస్. ఇంజను ఆడతానే ఉండాది. రంగు మళ్ళా గీకినా. గరగర ఒక్క చుక్క లేదు. ఎట్టా వినబడతా ఉండాది? ఓవర్."

మళ్ళీ నాగస్వరం వచ్చింది. పంకజం రేడియో వంకా మొగుడి వంకా చూసింది.

గోపాలస్వామికి సంగతి అర్థమైపోయింది. వాకిట్లో కమ్మీ, హాల్లో రేడియో. ఇంత దగ్గరలో వాడు మాట్లాడితే ఈ పెట్టె మింగలేక కక్కేస్తోంది. అవతల మోసెస్ చెప్పేది జీపులో వాడికి తప్ప ఎవరికీ వినపడదు. వీడు చెప్పేది మాత్రం ఇంటిల్లిపాదికీ. ఆయన లేచి రేడియో దగ్గరికి పోయాడు. అంతలో నాగస్వరం మళ్ళీ తెగింది.

"ఆ చోటా? నాకు తెల్దా మోసెస్. సెట్టు మొదట పెట్టిన చోటే ఉంచుంటే బిగించే పని మొదటి వారంలోనే అయిపోయుండేది. కానీ ఆ సీటు వల్లిది."

గోపాలస్వామి ముల్లు తిప్పాడు. తిరుచ్చి స్టేషనులో వెంకటాచలం. ఇంకా తిప్పాడు. కొలంబోలో వెంకటాచలం. గొంతు తగ్గించే మీట పూర్తిగా తిప్పేశాడు. తగ్గలేదు. మూస్తే మూతపడని బావమరిది! ప్లగ్గు పీకుదామని వంగాడు. ప్లగ్గుకి వీపు ఆనించి చెంగమ్మ నిలబడి ఉంది.

"గమ్మునుండండి," అంది మెల్లగా. ఆ కళ్ళు చూసి ఆయన ముల్లూ మీటా మళ్ళీ ఎక్కడివక్కడ తిప్పేసి గమ్మునున్నాడు.

"పొద్దున స్టేషనుకి దాంట్లోనే పోతాది. వెనక బెంచీలో కూర్చుంటే కళ్ళు తిరుగుతాయి ఆ పిల్లకి. తెలియక నేను సీటు పీకేసినానే, ఆ వారమంతా నడిచే పోయింది. నేను ఒకనాడు స్టేషనులో చూసినా. వాన. చెప్పులు చేతిలో పట్టుకోనుండాది. ఒక్క మాట అనలా నన్ను. ఆ సాయంత్రమే పెట్టె ఊడదీసేసినా. డ్యాష్‌బోర్డు కింద పెడితే మోకాళ్ళకి తగులుతాది. డ్రైవరు వెనక పెడితే చీర చిక్కుకుంటాది. అందుకని తొట్టిలోకి పోయినా. బావ కన్నాలు లెక్కపెట్టుకుంటా ఉండాడు, పాపం. ఓవర్."

నాగస్వరం. ఎవరూ కాఫీ తాగడం లేదు.

"అడగలా. ఎట్టా అడిగేది మోసెస్? బావ లెక్కలో నేను జీపుకి తూట్లు పొడిచేవాణ్ణి. ఈ పనొక్కటి సరిగ్గా చేసి చూపించి, బండి పోతా ఉండగా సెట్టు పలికి, ఆ సీటు ఆడే ఉంటే, అప్పుడు అడుగుదామనుకున్నా. ఎన్నూరు రోడ్డులో నోటిదాకా వచ్చింది. బావ బండి ఆపేసి నా మొహం చూసినాడు, భయమేసింది. టైరులో గాలి అన్నా. ఇప్పుడు లోపల వాళ్ళు వచ్చి కూర్చోనుండారు. మంచివాళ్ళంట. లేదు మోసెస్, ఎట్టా లోపలికి పోయేది? ఒళ్ళంతా గ్రీజు. ఓవర్."

ఇంజను ఆగింది. నాగస్వరం ఈసారి తెగలేదు.

మునిరాజు చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగి గ్లాసు పెట్టాడు. "గోపాలస్వామీ, మీ ఇంటి రేడియో బాగా పలుకుతాదబ్బా," అన్నాడు. లేచి కండువా దులుపుకున్నాడు. "మేము అడగలేదు, మీరు కాదనలేదు. ఎవురికీ తక్కువ లేదు. సీటు ముందే రిజర్వు అయిపోయిన రైలుకి మేమొచ్చినాం, అంతే." పంకజం మూతి కొంచెం బిగించిందిగానీ, చెంగమ్మ బొట్టు పెడితే కాదనలేదు. తెచ్చిన పూలు వల్లి చేతికే ఇచ్చి పోయింది.

వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా గోపాలస్వామి వాకిట్లో నిలబడ్డాడు. ఆయనకి ముందు కోపం వచ్చింది. నాలుగు నెలలు తిట్టించుకుని ఒక్క ముక్క చెప్పడా! దాని వెనకే సిగ్గు వచ్చింది. ఆ వారమంతా చెల్లెలు వానలో నడిచి పోయిందని, అదే ఇంట్లో ఉండి, అదే జీపు నడుపుతూ, ఆయన చూడలేదు. సీటు లేకపోతే నడుస్తానంది, సరే అన్నాడు. ఎక్కడో రాయపురంలో ఉండేవాడు చూశాడు.

లోపలికి వచ్చి "చెంగమ్మా" అని పిలిచాడు. పలుకు లేదు. వంటిల్లు ఖాళీ. దొడ్డి తలుపు తీసి ఉంది. ఇదెక్కడికి పోయిందిరా దేవుడా అని ఆయన మళ్ళీ వాకిట్లోకి వస్తే, చెంగమ్మ ఇల్లు చుట్టి తిరిగి, వీధి గేటు తెరుచుకుని వస్తోంది. చేతిలో తాంబూలం పళ్ళెం, తలలో చామంతులు. జీపు దండలో సగం అవే. గడప అవతల ఆగింది.

కట్టుబాటు కట్టుబాటే. గోపాలస్వామి మీసం దువ్వుకుని గడపకి ఇవతల నిలబడ్డాడు.

"ఎవరండీ తమరు?"

"మగపిల్లవాడి తరఫువాళ్ళం. మా తమ్ముడికి మీ చెల్లెలిని అడగడానికి వచ్చినాం."

"ఏ ఊరు?"

"ఈ ఊరే, ఈ ఇల్లే. వంటింట్లోనుంచి వస్తాండా. చేతులు పీకతాండాయి, ముందు పళ్ళెం పట్టుకోండి."

ఆయన పట్టుకున్నాడు. "పిల్లనొక మాట అడగల్ల," అన్నాడు.

అడగడానికి చూస్తే పిల్ల ఇంట్లో లేదు. జీపులో ఉంది. కుడిపక్క సీటులో, వీపు నిటారుగా పెట్టి, ఒళ్ళో పూలు పెట్టుకుని కూర్చుంది. వెంకటాచలం జీపుకి అవతల నిలబడ్డాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని వాడిలాగా. తన మాటలు హాల్లో మోగాయని అప్పుడే తెలిసినట్టుంది, చెవులు ఎర్రగా ఉన్నాయి.

వల్లి వాణ్ణి చూడలేదు. డ్యాష్‌బోర్డుని చూస్తూ చెప్పింది.

"సీటు బాగుండాది. పట్టుకోడానికే ఏమీ లేదు. అన్న తేరడి మలుపులో తిప్పినప్పుడల్లా పడిపోతానని ప్రాణం పోతాది. రోజూ. ఎవురికీ చెప్పలా."

నిజమే. కుడిపక్క చేతిపిడి వేలంలో కొన్ననాటికే లేదు, ఎవడో ఊడదీసుకుపోయాడు. ఇన్నేళ్ళూ గోపాలస్వామికి స్టీరింగు ఉంది కాబట్టి పిడి లేని సంగతి తెలియలేదు.

వెంకటాచలం పనిముట్ల సంచిలోంచి ఒక పాత ఇనుప పిడి తీశాడు. అది అక్కడ ఎన్నాళ్ళుగా ఉందో వాడికే తెలియాలి. నిన్న గంధం పూసిన డ్రిల్లు తీశాడు. డ్యాష్‌బోర్డు కొత్త ఆకుపచ్చ రంగు మీద దాని మొన ఆనించి, తిప్పకుండా ఆగి, బావ వంక చూశాడు.

గోపాలస్వామి పళ్ళెం చెంగమ్మకి ఇచ్చేసి వచ్చాడు. డ్రైవరు సీటులో కూర్చుని, రేకు వణక్కుండా వెనకనుంచి అరచెయ్యి అడ్డం పెట్టాడు. బావమరిది మొన ఆనించిన చోటు చూసి, చిరాకుపడ్డాడు.

"అంత పైనెందుకురా? ఇంకొంచెం కిందికి. దాని చెయ్యి అంత పొడుగు లేదు."